బతుకమ్మ రోజుల్లో హనుమకొండ నుంచి బోగత దాకా వెళ్లి రండి

దసరా సెలవుల్లో పిల్లలకు మన పండుగా, ప్రకృతీ రెండూ చూపించాలి, వెళ్లిన చోట చెత్త మిగల్చకూడదు, ఎక్కడికి వెళ్లాలి అని అడిగారు. నన్నడిగితే బతుకమ్మ రోజుల్లో హనుమకొండలో దిగి, ములుగు, ఏటూరునాగారం మీదుగా బోగత జలపాతం వరకు వెళ్లమంటాను. మా అత్తగారి ఊరు ఆ దారిలోనే ఉంది. పండుగకు మేముండేది అక్కడే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఆ రోజులే ఎందుకంటే, అక్కడ పండుగకూ అడవికీ ఆధారం ఒకటే వాన. వానాకాలం చివరికి చెరువులు నిండుతాయి, గట్ల మీద గునుగు, తంగేడు విరబూస్తాయి, బోగత హోరుమంటుంది. ఎండాకాలంలో అదే జలపాతం బాగా సన్నబడిపోతుంది. పిల్లలకు ఈ సంబంధం చూపించాలంటే ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు ఎంగిలిపూలతో మొదలై దుర్గాష్టమికి సద్దుల బతుకమ్మతో పండుగ ముగుస్తుంది. ఇందులో ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పూలు పేర్చరు, ఆడరు. కాబట్టి అడవి వైపు వెళ్లడానికి ఆ రోజు పెట్టుకుని, సద్దుల నాటికి ఊళ్లోకి వచ్చేయండి. హనుమకొండలో ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కిక్కిరిసిపోతాయి. ఆ సందడీ ఒకసారి చూడాల్సిందే. కానీ చిన్నపిల్లలుంటే నా ఓటు పల్లెటూరి చెరువు కట్టకే. తెలిసినవాళ్ల ఊరు ఏదైనా ఉంటే మొహమాటపడకుండా అడగండి, పండుగపూట ఎవరూ కాదనరు.

పొద్దున్నే పూలకు వెళ్లేటప్పుడు పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. మా అత్తమ్మ పిల్లలకు మొదట చెప్పే మాట "కొమ్మ ఇరవకు బిడ్డా, పువ్వొక్కటే తెంపు" అని. ఇంటికొచ్చాక సిబ్బిలో, అంటే వెడల్పాటి పళ్లెంలో, గుమ్మడాకులు పరిచి, తంగేడు పూలు గుండ్రంగా పేరుస్తారు. గునుగు కాడలను కట్టలుగా కట్టి, చివర్లు సమానంగా కోసి, పువ్వు బయటికి, కాడ లోపలికి వచ్చేలా ఒక్కో వరుసా పెడతారు. వరుస లేచేకొద్దీ మధ్యలో ఖాళీ మిగులుతుంది కదా, అందులోకి కోసిన కాడల ముక్కలు, మిగిలిన ఆకులు వేసి నొక్కుతారు. పారేసేదేమీ ఉండదు. పైన గుమ్మడి పువ్వు, పక్కన పసుపు గౌరమ్మ. సాయంత్రం ఆడి పాడి నీళ్లలో వదిలాక గౌరమ్మ పసుపును పుస్తెలకు రాసుకుంటారు.

ఈమధ్య బాధ కలిగించేది, లోపల థర్మాకోల్ పెట్టి ఎత్తు పెంచడం, ప్లాస్టిక్ పూలు గుచ్చడం, గునుగును రసాయన రంగుల్లో ముంచడం. అవన్నీ చివరికి చెరువులోకే పోతాయి. మీరు పేర్చేది జానెడే అయినా ఫరవాలేదు, ఉత్త పూలతో పేర్చండి. కట్టలు కట్టడానికి నైలాన్ దారం వద్దు, నూలు దారం చాలు. చెరువు దగ్గర సద్దులు (కలిపిన అన్నాలు), మలీద (రొట్టె, బెల్లం కలిపిన ముద్దలు) పంచుకునేటప్పుడు కాగితం ప్లేట్ల బదులు మోదుగాకు విస్తర్లు వాడండి. పూలు తెచ్చిన కవర్ మాత్రం కట్ట మీద వదలొద్దు.

ఇక దారి సంగతి. ములుగు వైపు వెళ్తూ పాలంపేటలో రామప్ప గుడి చూడండి. 1213 నాటి కాకతీయుల గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శిఖరం కట్టిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. గుడి చూసి ఊరుకోకుండా పక్కనే ఉన్న రామప్ప చెరువు కట్ట మీదికి కూడా నడవండి. గుడితో పాటు చెరువు తవ్వించిన కాలం అది, ఆ నీళ్లతో ఇప్పటికీ పొలాలు పండుతున్నాయి. లక్నవరం కూడా ఆ కాలపు చెరువే. వేలాడే వంతెన దగ్గర సెలవుల్లో రద్దీ ఎక్కువ, పొద్దున్నే వెళ్తేనే ప్రశాంతంగా చూడగలరు.

తాడ్వాయి దాటాక దట్టమైన అడవి. ఏటూరునాగారం అభయారణ్యం అది. అక్కడ పూలు తెంపకూడదు, కోతులకు తిండి వేయకూడదు. తిండికి అలవాటుపడిన కోతులు రోడ్డు మీదికొచ్చి బళ్ల కింద పడుతున్నాయి, దయచేసి పిల్లలకు ముందే చెప్పండి. ఏటూరునాగారం తర్వాత గోదావరి వంతెన దాటి వాజేడు వైపు వెళ్తే బోగత వస్తుంది. వరద ఎక్కువున్న రోజుల్లో అటవీ శాఖవాళ్లు నీళ్ల దగ్గరికి వెళ్లనివ్వరు. వాళ్లతో వాదించకండి, నిలబడి చూసినా కడుపు నిండుతుంది. నీళ్లలో దిగే అవకాశం ఉన్నా సబ్బులు, షాంపూలు వద్దు.

కారు లేకపోయినా టెన్షన్ అక్కర్లేదు. హనుమకొండ నుంచి ములుగు, ఏటూరునాగారం వైపు ఆర్టీసీ బస్సులు ఉంటాయి. అక్కడి నుంచి బోగతకు ఆటో మాట్లాడుకోవచ్చు, ఇంకో కుటుంబం కలిస్తే ఖర్చూ తగ్గుతుంది. ఇంటి నుంచి స్టీలు సీసాలు, చెత్త వేసుకోవడానికి ఒక గుడ్డ సంచి తెచ్చుకోండి. ఏటూరునాగారంలో దిగగానే చివరి తిరుగు బస్సు ఎప్పుడో బస్టాండులో అడిగి, ఆటో అతనికి కూడా ఆ టైమే చెప్పండి.