నాన్నగారి వైద్యానికి ఇంటిస్థలం అమ్మేయాలా?

ప్రశ్న: మాది హిందూపురం. నేను బెంగళూరు కేఆర్ పురంలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. నాన్నకు 72 ఏళ్లు. బట్టల కొట్టు నడిపి, వయసు మీదపడ్డాక మానేశారు. నెల కిందట దెబ్బేమీ తగలకుండానే ఒళ్లంతా కమిలిన మచ్చలు వచ్చాయి, తొడ కండరంలో రక్తం చేరి వాచింది. ఇక్కడి ఆస్పత్రిలో చేర్పిస్తే ‘ఎక్వైర్డ్ హీమోఫీలియా’ అన్నారు. ఖర్చు 14 లక్షల దాకా అవుతుందట. మా ఆఫీసు గ్రూపు పాలసీలో అమ్మానాన్నలకు 5 లక్షల కవరేజీ ఉంది. నాన్న పేరిట ఆరేళ్లుగా మరో 5 లక్షల పాలసీ నడుస్తోంది. ఆ రెండో కంపెనీవాళ్లు ‘ఇది పుట్టుకతో వచ్చే జబ్బు కదా, ముందే ఎందుకు చెప్పలేదు’ అంటున్నారు. నాన్నకు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 15 లక్షలు, నాకు 6 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. ఊళ్లో ఇంటిస్థలం అమ్మేద్దామంటున్నాడు అన్నయ్య. ఏం చేయమంటారు?

జవాబు: స్థలం జోలికి వెళ్లకండమ్మా. ఈ జబ్బుకు డబ్బు ఒక్కసారిగా, ఎక్కువగా కావాలి. కానీ ఏళ్ల తరబడి అదే స్థాయిలో అక్కర్లేదు. అవసరంలో ఉన్నారని తెలిస్తే కొనేవాడు ధర విరిచేస్తాడు. కొన్ని వారాల గండం కోసం ఎప్పటికీ తిరిగిరాని ఆస్తిని పోగొట్టుకోవద్దు.

ఖర్చు ఎక్కడ పెరుగుతోందో తెలిస్తే మీకు కాస్త ధైర్యం వస్తుంది. నాన్నగారి ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 మీద తిరగబడి యాంటీబాడీలు తయారు చేస్తోంది. అందుకే మామూలు ఫ్యాక్టర్ 8 ఎక్కిస్తే చాలామందిలో సరిపోదు. దాని అవసరం లేకుండానే రక్తాన్ని గడ్డకట్టించే యాక్టివేటెడ్ ఫ్యాక్టర్ 7 లాంటి మందులు ఇస్తారు. మోతాదు ఒంటి బరువును బట్టి, మొదట్లో రెండు మూడు గంటలకోసారి. బిల్లు పరుగెత్తేది అక్కడే. రక్తస్రావం ఆగాక మిగిలేది యాంటీబాడీలను అణచే స్టిరాయిడ్లు, అవసరమైతే రిటుక్సిమాబ్. చాలామందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో జబ్బు అదుపులోకి వస్తుంది.

ఇక ఇన్సూరెన్స్ కంపెనీ ప్రశ్న. నా దృష్టిలో మీరు అన్నిటికంటే గట్టిగా పట్టుకోవాల్సింది దీన్నే. నాన్నగారిది పుట్టుకతో వచ్చే హీమోఫీలియా కాదు. ఏటా పది లక్షల మందిలో ఒకరిద్దరికి, ఎక్కువగా పెద్ద వయసులో కొత్తగా వచ్చే జబ్బు. ఇది చాలా అరుదు కాబట్టి క్లెయిమ్ చూసేవాళ్లు ‘హీమోఫీలియా’ అన్న మాట దగ్గరే ఆగిపోతుంటారు. హెమటాలజిస్టును, అంటే రక్త సంబంధ జబ్బుల డాక్టరును అడిగి ఒక లెటర్ తీసుకోండి. ఇది పెద్ద వయసులో వచ్చిన ఆటోఇమ్యూన్ జబ్బని, జన్యుపరమైనది కాదని, ఫ్యాక్టర్ 8 ఇన్హిబిటర్ పరీక్షలో (ఆ యాంటీబాడీలను పట్టుకునే పరీక్ష) తేలిందని అందులో స్పష్టంగా ఉండాలి. డిశ్చార్జ్ సమ్మరీలోనూ ‘ఎక్వైర్డ్’ అన్న మాట తప్పకుండా పడేలా చూసుకోండి.

ఇంట్లో పాత ఫైళ్లు కూడా వెతికించండి. నాన్నగారికి ఎప్పుడైనా హెర్నియా లాంటి ఆపరేషన్ జరిగి ఉంటే, దానికి ముందు చేసిన రక్తపరీక్షల్లో ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) అనే లైను ఉండొచ్చు. అది అప్పట్లో నార్మల్‌గా ఉంటే అంతకు మించిన సాక్ష్యం లేదు. పైగా పాలసీ ఆగకుండా 60 నెలలు నడిచాక, మోసం చేశారని రుజువు చేస్తే తప్ప ‘ముందే చెప్పలేదు’ అని క్లెయిమ్ తోసిపుచ్చకూడదన్నది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన. మీకు ఆరేళ్లు దాటాయి. అయినా కాదంటే కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. పాలసీ బెంగళూరు చిరునామాతో ఉంటే జేపీ నగర్‌లోని ఆఫీసు, హిందూపురం చిరునామాతో ఉంటే హైదరాబాద్ ఆఫీసు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

ముందు గ్రూపు పాలసీని వాడండి. చాలా గ్రూపు పాలసీల్లో పాత జబ్బుల పేచీ ఉండదు. తల్లిదండ్రులకు కో-పే, అంటే బిల్లులో మీరే కట్టుకోవాల్సిన వాటా ఎంతో చూసుకోండి. మీ కంపెనీకి ‘కార్పొరేట్ బఫర్’ (ఉద్యోగి కవరేజీ చాలనప్పుడు వాడుకునే ఉమ్మడి అదనపు మొత్తం) ఉందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. ఇలాంటి కేసుల కోసమే కొన్ని కంపెనీలు దాన్ని పెట్టుకుంటాయి, అడగనివాళ్లకు మాత్రం అందదు. ఈ ఏడాది ఉద్యోగం మారే ఆలోచనుంటే వాయిదా వేయండి. రూము అద్దె పరిమితి దాటినందుకు మందుల బిల్లులోనూ కోత పెడితే ఒప్పుకోవద్దు. ఫార్మసీ, పరీక్షల ఖర్చుకు ఆ కోత వర్తించదు. రిటుక్సిమాబ్ లాంటి మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్లకు చాలా పాలసీల్లో విడిగా ఉపపరిమితి ఉంటుంది, అదీ చూడండి.

రెండు పాలసీల 10 లక్షలు పోగా మిగిలే 4 లక్షలకు మీ ఎఫ్‌డీని తెంచకండి, దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. చాలా బ్యాంకులు 90 శాతం దాకా ఇస్తాయి. వడ్డీ ఎఫ్‌డీ రేటు కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ. ఎఫ్‌డీ మీద వడ్డీ వస్తూనే ఉంటుంది కాబట్టి 4 లక్షలు నాలుగు నెలలు వాడినా మీకు నికరంగా పడే భారం మూడు వేలు దాటదు. నాన్నగారి స్కీము రెండో మెట్టు. రెండేళ్లు దాటి ఉంటే అసలులో ఒక శాతం, అంటే 15 వేలు కోసుకుని మిగతాది ఇస్తారు. ఏడాది దాటి రెండేళ్లలోపైతే కోత ఒకటిన్నర శాతం. అమ్మగారికి నెలనెలా ఇల్లు గడిచేది ఆ వడ్డీతోనే అయితే, క్లెయిమ్ పూర్తిగా తేలేదాకా దాన్ని కదపొద్దు.

పన్ను విషయం చిన్నదే. మీరు పాత పన్ను విధానంలో ఉండి, నాన్నగారు మీ మీద ఆధారపడి ఉంటే, కొన్ని తీవ్రమైన జబ్బుల వైద్య ఖర్చుకు పన్ను మినహాయింపునిచ్చే 80డీడీబీ సెక్షన్ జాబితాలో హీమోఫీలియా ఉంది. 60 దాటినవారి వైద్యానికి లక్ష దాకా మినహాయింపు. ఇన్సూరెన్స్ ఇచ్చిన సొమ్ము అందులోంచి తీసేయాలి. డీఎం హెమటాలజీ చేసిన డాక్టరు ప్రిస్క్రిప్షన్ ఉండాలి.

ఇంటికి వచ్చాక ఒక లక్షన్నర విడిగా పెట్టుకోండి. కొందరిలో జబ్బు తిరగబెడుతుంది కాబట్టి పరీక్షలు తరచూ చేయించాలి. స్టిరాయిడ్లు వాడుతున్నప్పుడు ఇన్ఫెక్షన్లతో మళ్లీ చేరాల్సి రావచ్చు. డిశ్చార్జ్ తర్వాతి బిల్లులు, సాధారణంగా 60 రోజుల వరకు, పాలసీ కిందికే వస్తాయి. ఒక్క చీటీ కూడా పారేయకండి. ఊరికెళ్లాక వీధి చివరి క్లినిక్‌లో ఎవరూ ఆయనకు కండరానికి ఇంజెక్షన్ వేయకుండా చూడమని అన్నయ్యకు చెప్పండి. ఆ డిశ్చార్జ్ కాగితం నకలు ఒకటి నాన్నగారి జేబులో ఎప్పుడూ ఉండాలి.