కొత్త డిటెక్టర్ అడిగే ముందు

పర్లాకిమిడి

అమ్మలూ,

బరంపురంలో కాలేజీ డాబా నుంచి హాస్టల్ డాబాకి రహస్య కీ పంచుకోవడానికి ఫోటాన్లు, అంటే వెలుతురు కణాలు, పంపుతున్నావనీ, లెక్కంతా చెత్తగా వస్తోందనీ మీ అమ్మ చెప్పింది. అప్పుడే ఆ ఫోటాన్లు పట్టే డిటెక్టర్ కొత్తది కావాలని మీ సార్ వెంట పడకు. ముందు టెలిస్కోపుకి మూత పెట్టి, డిటెక్టర్‌లో సెకనుకి ఎన్ని క్లిక్కులొస్తున్నాయో (ఫోటాన్ తగిలిందని అది చెప్పే గుర్తులు) రాసుకో. తర్వాత మూత తీసి, అవతలి లేజర్ ఆపి మళ్లీ రాసుకో. ఆ తేడా అంతా బయటి వెలుతురే.

అలా వచ్చే క్లిక్కుల్లో సగం తప్పే అవుతాయి. ఫోటాన్లతో కీ పంచుకునే బీబీ84 పద్ధతిలో తప్పులు సుమారు 11 శాతం దాటితే కీ దక్కదు. అంటే మిగతాదంతా బాగున్నా, క్లిక్కుల్లో 22 శాతం బయటివైతే రాత్రంతా పడ్డ కష్టం గంగపాలే.

డిటెక్టర్ ముందుండే సన్న రంధ్రం, అదే పిన్‌హోల్, దాని వ్యాసం సగానికి తగ్గిస్తే ఆ వెలుతురు పావు వంతుకి పడుతుంది. మరీ తగ్గిస్తే డాబా వేడికి లేజర్ చుక్క ఊగి సిగ్నలే తప్పిపోతుంది. సిమెంటు చల్లారాక మొదలుపెట్టు. లేజర్ పల్సుల (మెరుపుల) మధ్య 100 నానోసెకన్లుంటే, పల్సు వచ్చే 1 నానోసెకనులో పడ్డవే లెక్కపెట్టు. బయటి క్లిక్కుల్లో నూటికి తొంభైతొమ్మిది అక్కడే పోతాయి.

నన్ను ఏడిపించింది మాత్రం లేజర్ రంగునే లోపలికి వదిలే ఫిల్టర్. 800 నానోమీటర్ల దగ్గరి మామూలు డయోడ్ లేజర్ ఒక్క డిగ్రీ మారితే దాని రంగు (తరంగదైర్ఘ్యం) దాదాపు 0.3 నానోమీటర్ జరుగుతుంది. ఎండాకాలం సాయంత్రం సరిచేసి పెడితే, అర్ధరాత్రికి నాలుగైదు డిగ్రీలు దిగి, 1 నానోమీటర్ వెడల్పు ఫిల్టర్‌లోంచి లేజరే బయటికి జారిపోయింది. నేనేమో రెండు రాత్రులు అద్దాలు తుడుస్తూ కూర్చున్నాను! లేజర్ ఉష్ణోగ్రత కదలకుండా చూసుకో.

క్లిక్కులు పడ్డ టైములు గ్రాఫ్ గీసి చూడు. సెకనుకి 100 సార్లు ఎగిసి పడుతుంటే అది వెన్నెల కాదు, కరెంటు దీపం. మాకు అలా ఠాకురాణి యాత్ర పందిరి ట్యూబులైట్లు దొరికాయి. గదిలో రౌటర్ పచ్చలైటుకి నల్లటేపు వెయ్యి.

పగలే చేస్తానని మొండికెయ్యకు. 2021లో అహ్మదాబాద్‌లో ఇస్రోవాళ్లు 300 మీటర్లకు చేసి చూపించిందీ రాత్రిపూటే.

సర్దేటప్పుడు గది లైటు వేసే ముందే డిటెక్టర్ పవర్ తియ్యి. నా సర్వీసులో ఒకటి ఆ తొందరలోనే మాడింది. దసరాకి వచ్చేటప్పుడు ఆ రెండు లెక్కలూ కాగితం మీద తీసుకురా, కూర్చుని చూద్దాం.

పెదనాన్న