మళ్ళీ కొనను అన్నందుకు ఏభై లక్షల నోటీసు

ప్రశ్న: సర్, 2024 ఆగస్టులో హైదరాబాద్‌లో ఒక హైబ్రిడ్ (పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీ మీదా నడిచే) సెడాన్ కొన్నాను. ఆన్ రోడ్ 24 లక్షలయింది. ఇప్పుడు ఉద్యోగం మారి విజయవాడలో ఉంటున్నాం, వారం వారం హైదరాబాద్ వెళ్ళొస్తాను. మా కారు ఓనర్ల వాట్సాప్ గ్రూపులో ఒకాయన ‘ఇదే బండి తీసుకుందామనుకుంటున్నా, మీరైతే మళ్ళీ కొంటారా?’ అని అడిగారు. చాలామంది కళ్ళు మూసుకుని కొంటాం అన్నారు. నేను మాత్రం ఇలా రాశాను: ‘చచ్చినా కొనను. లీటరుకి 27 వస్తుందన్నారు, నాకు ఏనాడూ 17 దాటలేదు. హైబ్రిడ్ సిస్టమ్ వార్నింగ్ మూడుసార్లు వచ్చింది, ఒకసారి బండి పదకొండు రోజులు షోరూమ్‌లోనే ఉంది. ఈ షోరూమ్ వాళ్ళు దొంగలు, పాత బ్యాటరీ వేసి కొత్తదని బిల్లు వేశారు.’ నాలుగు రోజులకే వాళ్ళ లాయరు నుంచి నోటీసు వచ్చింది. పదిహేను రోజుల్లో క్షమాపణ చెప్పాలట, లేకపోతే పరువు నష్టం కింద 50 లక్షలకి దావా, పైగా క్రిమినల్ కేసు. గ్రూపు అడ్మిన్‌కి కూడా పంపారు. ఆయన రిటైర్డ్ టీచరు, రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేస్తున్నారు. నన్ను అరెస్ట్ చేస్తారా? అసలు కేసు వేయాల్సింది నేను కదా? ఈ దరిద్రాన్ని అమ్మేసి పెట్రోలు బండి కొనుక్కుంటాను సర్.

జవాబు: ముందు ఆ టీచరు గారికి ఫోన్ చేసి హాయిగా పడుకోమని చెప్పండి. గ్రూపులో ఎవరో రాసినదానికి అడ్మిన్ బాధ్యుడు కాడని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. ఆయన రాయలేదు, రాయమని చెప్పలేదు, మీరు ఏం రాస్తారో ఆయనకి ముందు తెలియదు. ఆయన తరఫున రెండు లైన్ల జవాబు పంపితే చాలు.

ఇక మీ సంగతి. అరెస్ట్ మాట మర్చిపోండి. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356 సెక్షన్ కింద వస్తుంది (2024 జూలై 1కి ముందు ఐపీసీ 499, 500 అనేవాళ్ళం, ఆ నంబర్లు ఇంకా మా నోళ్ళకి అలవాటు పోలేదు). ఇందులో పోలీసులు తమంతట తాము కేసు కట్టి తీసుకుపోవడానికి లేదు. షోరూమ్ వాళ్ళే మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి. దాంతో పాటే వచ్చిన కొత్త విచారణ చట్టం (భారతీయ నాగరిక సురక్షా సంహిత) ప్రకారం ఆ ఫిర్యాదుని విచారణకి తీసుకునే ముందే మేజిస్ట్రేట్ మీ మాట కూడా వినాలి. పాత చట్టంలో ఈ సౌకర్యం లేదు, సమన్లు చేతికొచ్చాకే మనిషికి సంగతి తెలిసేది. నేరం రుజువైతే గరిష్ఠంగా రెండేళ్ళ సాధారణ జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ, లేదా సమాజ సేవ. ఏభై లక్షల దావా అంటారా, ఆ మొత్తం మీద కోర్టు ఫీజు వాళ్ళు ముందే కట్టుకోవాలి, అదీ మీరు మెసేజ్ పెట్టిన ఏడాది లోపు. నోటీసులో అంకె రాయడానికి ఖర్చేం లేదు, అందుకే నోటీసుల్లో అంకెలు అంత పెద్దగా ఉంటాయి.

అలాగని ఆ నోటీసుని చెత్తబుట్టలో వేయమనడం లేదు. ఎందుకంటే మీరు రాసినవి నాలుగు వాక్యాలు, నాలుగూ ఒకటి కాదు.

‘చచ్చినా కొనను’ అనేది మీ అభిప్రాయం. మీ డబ్బు, మీ కారు, మీ ఇష్టం. దాని మీద ఎవడూ కేసు నిలబెట్టలేడు. పైగా ఒకాయన అడిగితే చెప్పారు. 356 సెక్షన్‌కి ఉన్న మినహాయింపుల్లో ఒకటి సరిగ్గా దీని కోసమే ఉన్నట్టు ఉంటుంది: ఎదుటి మనిషి మంచి కోరి సదుద్దేశంతో చేసిన హెచ్చరిక పరువు నష్టం కాదు. ఇరవై లక్షలు పెట్టబోయే మనిషి ‘కొనమంటారా’ అని అడిగితే అనుభవం చెప్పడం అంతకంటే ఏముంటుంది?

మైలేజీ గురించి, వార్నింగ్ గురించి రాసినవి జరిగిన విషయాలు. వాటికి కాగితాలుంటే మీరు క్షేమం. సివిల్ దావాలో నిజం చెప్పానని రుజువు చేస్తే అక్కడితో అయిపోతుంది. క్రిమినల్ కేసులో మాత్రం నిజం ఒక్కటే చాలదు, అది ప్రజల మేలు కోసం చెప్పినదై కూడా ఉండాలి. కొనబోయేవాళ్ళకి కారు గురించి చెప్పడం ఆ లెక్కలోకి వస్తుందనే నా వాదన.

చిక్కంతా చివరి వాక్యంలో ఉంది. ‘దొంగలు’ అన్నారు. పాత బ్యాటరీ వేసి కొత్తదని బిల్లు వేశారన్నారు. అది అభిప్రాయం కాదండీ, నేరం మోపడం. దానికి మీ దగ్గర ఉన్న ఆధారం ఏంటని ఫోన్‌లో అడిగితే ‘మా వీధి మెకానిక్ చెప్పాడు’ అన్నారు. ఆ మెకానిక్ రేపు కోర్టుకి వచ్చి బోనెక్కి అదే మాట అంటాడా? నాకు నమ్మకం లేదు, మీకూ లేదని మీ గొంతులోనే తెలిసింది.

ఈ తేడా ఎంత పెద్దదో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూస్తే అర్థమవుతుంది. ముంబై బోరివలిలో ఫ్లాట్లు కొన్నవాళ్ళు బిల్డర్ మీద విసిగి, సొసైటీ ఏర్పాటు చేయలేదు, నీళ్ళు కారుతున్నాయి, లిఫ్టు బాగాలేదు అంటూ సమస్యలన్నీ రాసి ఒక బ్యానర్ కట్టారు. బిల్డర్ పరువు నష్టం కేసు వేశాడు, మేజిస్ట్రేట్ సమన్లు ఇచ్చారు, హైకోర్టు కూడా కేసు కొట్టేయనంది. సుప్రీంకోర్టు కొట్టేసింది. అమ్మేవాడికి తన సరుకు గురించి చెప్పుకునే హక్కు ఎలా ఉందో, కొన్నవాడికి మర్యాదగా తన బాధ చెప్పుకునే హక్కు అలా ఉందని చెప్పింది. అయితే కోర్టు ప్రత్యేకంగా గమనించిన సంగతి ఇంకొకటుంది: ఆ బ్యానర్‌లో మోసం, దగా, నేరం లాంటి మాట ఒక్కటి కూడా లేదు. వాళ్ళు సమస్యలు మాత్రమే రాశారు. మీరు సమస్యలు రాసి ఆపకుండా చివర్లో ఒక తిట్టు తగిలించారు, ఆ తిట్టు పట్టుకునే వాళ్ళ లాయరు మూడు పేజీల నోటీసు అల్లాడు (ఆ లాయరు స్థానంలో నేనున్నా అదే పట్టుకునేవాణ్ణి, అది వేరే సంగతి).

కాబట్టి నోటీసుకి జవాబు ఇలా ఉండాలి. మొదటి మూడు వాక్యాలకి క్షమాపణ లేదు, కట్టుబడి ఉన్నాను, ఇవిగో ఆధారాలు. నాలుగో వాక్యంలో ‘దొంగలు’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. బ్యాటరీ విషయంలో నా అనుమానం తీరాలంటే మీరు వేసిన 12 వోల్టుల చిన్న బ్యాటరీ సీరియల్ నంబరు, తయారీ తేదీ, వారంటీ కార్డు ఇవ్వండి. అంతే. మెసేజ్‌ని ఇప్పుడు అందరికీ కనపడకుండా తీసేయడం మీ చేతిలో లేదు, వాట్సాప్‌లో ఆ వీలు రెండున్నర రోజుల్లోపే. కాబట్టి అదే గ్రూపులో కింద ఇంకో మెసేజ్ పెట్టండి: ‘కోపంలో ఒక మాట అన్నాను, అది వెనక్కి తీసుకుంటున్నాను, మిగతాదంతా నా అనుభవమే.’ ఇందులో తలవంపులేం లేవు. ఇది పెట్టాక వాళ్ళు కేసు వేసినా, సదుద్దేశం మీదే అని చూపించడం నాకు సగం తేలికవుతుంది.

బ్యాటరీ తేదీ బ్యాటరీ మీదే ముద్రించి ఉంటుంది, బానెట్ కింద గానీ డిక్కీలో గానీ ఉండే ఆ చిన్న బ్యాటరీని ఫోటో తీసుకోండి. చిన్నదే, కానీ అది చస్తే పెద్ద హైబ్రిడ్ బ్యాటరీ ఎంత నిండుగా ఉన్నా బండి లేవదు. దాని జోలికి వెళ్ళినా సరే గానీ, నారింజ రంగు తీగలున్న పెద్ద బ్యాటరీని మాత్రం ఆ వీధి మెకానిక్‌తో తెరిపించకండి. ప్రాణానికి ప్రమాదం, వారంటీకీ ప్రమాదం.

ఇక రెండో ప్రశ్న, కేసు వేయాల్సింది నేను కదా అని. వేయొచ్చు. కానీ మీరు అనుకుంటున్న కేసు మైలేజీ కేసు. నా లెక్కలో మీ చేతిలో ఉన్న మంచి కేసు అది కాదు.

మైలేజీ ఎందుకు బలహీనం అంటే, ప్రకటనలో వేసే అంకె ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ ఆపి, ఒక నిర్ణీత పద్ధతిలో నడిపి తీసింది. కింద చిన్న అక్షరాల్లో అది రాసే ఉంటుంది. హైబ్రిడ్ సంగతి ఇంకా వింత: ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడిస్తే బ్రేకు వేసినప్పుడల్లా కరెంటు వెనక్కి వస్తుంది కాబట్టి సిటీలో బాగా ఇస్తుంది, హైవే మీద వందకి పైన లాగితే ఆ లాభం కరిగిపోతుంది. మే నెల ఎండలో విజయవాడలో ఆగిన బండిలో ఏసీ వేసుకుని కూర్చుంటే బ్యాటరీ తరిగి ఇంజను ఊరికే లేస్తుంది. మీరే రాశారు, వారం వారం హైదరాబాద్ వెళ్ళొస్తానని. ఆ మాట కంపెనీ లాయరుకి పండగ. పైగా మీ గ్రూపులోనే ‘కళ్ళు మూసుకుని కొంటాం’ అన్నవాళ్ళున్నారు కదా, ఎక్కువమంది సిటీలో ఆఫీసుకి తిప్పేవాళ్ళే అయి ఉంటారు, వాళ్ళ మెసేజ్‌లన్నీ అవతలివాళ్ళు వినియోగదారుల కమిషన్ ముందు పెట్టి ‘అదే మోడల్, వీళ్ళంతా సంతోషంగానే ఉన్నారు, లోపం బండిలో లేదు, నడిపే తీరులో ఉంది’ అంటారు. ఇథనాల్ కలిపిన పెట్రోలు మీదకి కూడా కొంత తోసేస్తారు.

మైలేజీ మీద గెలిచినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. ఢిల్లీలో ఒకాయన 2004లో ఒక చిన్న కారు కొన్నారు. ప్రకటనలో 16 నుంచి 18 అన్నారు, ఆయనకి వచ్చింది సగటున 10.2. జిల్లా, రాష్ట్రం దాటి జాతీయ కమిషన్ దాకా నడిచింది. ఆయనే గెలిచారు, తప్పుదోవ పట్టించే ప్రకటన అన్నారు. చేతికొచ్చింది లక్ష రూపాయలు, దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత! అమెరికాలో హైబ్రిడ్ సెడాన్ మీదే జరిగిన కథ ఇంకా చేదు. 2006 మోడల్ హోండా సివిక్ హైబ్రిడ్ గ్యాలనుకి 50 మైళ్ళు ఇస్తుందన్న మాట నమ్మి కొన్న ఒకావిడ, తనకి 30 దగ్గరే ఆగిపోతోందని, అందరి తరఫునా జరిగిన ఒప్పందంలో వచ్చే నూరో రెండొందలో డాలర్లు వద్దని బయటికొచ్చి, కాలిఫోర్నియాలో చిన్న క్లెయిముల కోర్టులో సొంతంగా వాదించుకున్నారు. ఆవిడ ఒకప్పుడు లాయరే లెండి. 2012 ఫిబ్రవరిలో 9,867 డాలర్లు గెలిచారు. మే నెలలో పై జడ్జి ఆ తీర్పు తిరగేశారు. మైలేజీ అంకెలు ప్రభుత్వ నిబంధనల ప్రకారం వేసినవే కదా అన్నారు. మన దగ్గరా అవతలివైపు వాదన అదే దారిలో నడుస్తుంది.

అంతా విని మైలేజీ వదిలేయమంటారా అంటే, వదలకండి, ఫిర్యాదులో ఒక పేరాగా పెట్టండి. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకి, బిల్లు వెనక మీటర్ రీడింగ్ రాసి రెండు మూడు నెలలు దాచండి. డ్యాష్‌బోర్డు ఫోటో ఒక్కటే చాలదు. సేల్స్ అబ్బాయి ‘సిటీలో గ్యారంటీగా 27 సర్’ అని వాట్సాప్‌లో రాసి ఉంటే, అది మొత్తం ప్రకటన కంటే విలువైన కాగితం. ఆ ఫోను మార్చకండి, చాట్ చెరపకండి.

మీ అసలు బలం వార్నింగ్ మూడుసార్లు రావడం, బండి పదకొండు రోజులు షోరూమ్‌లో పడి ఉండటం. ఈ హైబ్రిడ్ బ్యాటరీలకి కంపెనీలు మామూలుగా ఎనిమిదేళ్ళు, లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి, మీ వారంటీ పుస్తకం తీసి అదే ఉందేమో చూడండి. ప్రతిసారీ ఇచ్చిన జాబ్ కార్డు (బండి రిపేరుకి ఇచ్చినప్పుడు షోరూమ్ రాసిచ్చే కాగితం) కావాలి. ఒక్కో కార్డులో ‘కస్టమర్ ఫిర్యాదు’ అన్న గడిలో ఏం రాశారో చూడండి, ‘జనరల్ చెకప్’ అని రాసి ఉంటే ఆ సందర్శన మనకి పనికిరాదు, ఇవాళే మెయిల్ పెట్టి అసలు ఏం జరిగిందో రికార్డు చేయించండి.

ఎక్కడ వేయాలి? కారు కొన్నది హైదరాబాద్‌లోనైనా మీరు ఉండే చోటే వేయొచ్చు, 2019 వినియోగదారుల చట్టం తెచ్చిన మంచి మార్పు ఇది. ఏభై లక్షల లోపు కొన్న సరుకు కాబట్టి విజయవాడలోని జిల్లా కమిషన్ సరిపోతుంది. మీ మొత్తానికి ఫీజు వెయ్యి రూపాయలు. ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. డీలరుతో పాటు తయారీ కంపెనీని కూడా తప్పకుండా చేర్చండి, లేకపోతే లోపం కంపెనీదని డీలరు, సర్వీసు డీలరుదని కంపెనీ ఒకరి మీద ఒకరు చెప్పుకుని తప్పుకుంటారు. గడువు రెండేళ్ళు. వాళ్ళు కొన్న రోజు నుంచి లెక్కేస్తామంటారు, మనం వార్నింగ్ వచ్చిన రోజు నుంచి అంటాం. ఆ గొడవే లేకుండా 2026 ఆగస్టు లోపే వేసేయండి. అవతలివాళ్ళు 30 రోజుల్లో జవాబివ్వాలి, బతిమాలితే ఇంకో 15, ఆపైన కమిషన్ పొడిగించడానికి లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చేసింది. కేసు ముగియడానికి చట్టంలో రాసింది మూడు నెలలు, ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు. చట్టంలో అలా రాసి ఉంది, నేను మాత్రం మీకు ఆ మాట ఇవ్వను.

ఏం అడగాలి అన్నది కూడా చెప్తాను. కొత్త కారు ఇప్పించండి అని ఒక్కటే పట్టుబడితే దెబ్బ తింటారు. ఒక భాగం మారిస్తే సరిపోయే చోట కారు మొత్తం మార్చమనడం కుదరదని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. అందుకని లోపం ఉన్న హైబ్రిడ్ భాగాలు వారంటీలో ఉచితంగా మార్చాలి, అది కుదరకపోతే కారు మార్చాలి లేదా డబ్బు వెనక్కివ్వాలి, బండి లేని రోజులకి క్యాబ్ ఖర్చు, మనోవేదనకి పరిహారం అని మెట్లు మెట్లుగా అడుగుదాం. ఫిర్యాదుతో పాటే బండిని గుర్తింపు ఉన్న ల్యాబ్‌తో పరీక్ష చేయించమని దరఖాస్తు కూడా పెట్టాలి. కమిషన్‌కి ఆ అధికారం ఉంది, చాలామంది అడగరు, అడగక ఓడిపోతారు.

చివర్లో మీరు ‘ఈ దరిద్రాన్ని అమ్మేసి పెట్రోలు బండి కొనుక్కుంటాను సర్’ అని రాశారు. ఇప్పుడు వద్దు. కేసు నడుస్తుండగా కారు అమ్మేసినవాళ్ళని ఇక వినియోగదారులు కాదని జాతీయ కమిషన్ కొన్ని కేసుల్లో బయటికి పంపేసింది, పైగా పరీక్ష చేయడానికి బండి ఉండదు. ఆ ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా నెలకి రెండుసార్లైనా నడుపుతూ, షెడ్యూల్ సర్వీసు ఒక్కటి కూడా తప్పకుండా చేయించండి, కావాలంటే వేరే షోరూమ్‌లో.