ట్రెయిట్‌కి ఏం కావాలో ట్రెయిట్‌లోనే రాయండి

ప్రశ్న: సార్, మేం పీహెచ్‌పీలో కాలేజీ ఫీజుల సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. ఎస్ఎంఎస్ పంపే కోడ్ స్టూడెంట్ క్లాస్‌కీ స్టాఫ్ క్లాస్‌కీ కావాలని ఒక ట్రెయిట్ (ఏ క్లాస్‌లోనైనా కలుపుకోగలిగే మెథడ్ల మూట) రాసి రెండింట్లో వాడాం, బానే నడిచింది. తర్వాత వెండర్ క్లాస్‌లో కూడా అదే పెట్టాం, అందులో మొబైల్‌నంబర్ అనే మెథడ్ లేదని ఎవరూ చూడలేదు, తీరా మెసేజ్ వెళ్లే టైమ్‌కి ‘కాల్ టు అన్‌డిఫైన్డ్ మెథడ్’ అని ఆగిపోయింది. ముందే తెలిసే దారి లేదా? పేరెంట్ క్లాస్ పెట్టుకోవడమే నయమా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పేరెంట్ క్లాస్ వద్దండీ. స్టూడెంట్‌కీ వెండర్‌కీ ఏ సంబంధమూ లేదు, ఇద్దరికీ మెసేజ్ పంపాలి అంతే, పైగా పీహెచ్‌పీలో క్లాస్‌కి పేరెంట్ ఒక్కటే, దాన్ని దీనికోసం ఖర్చు చేసేస్తే రేపు నిజంగా కావాల్సినప్పుడు ఉండదు.

మీరు చేయాల్సింది ఒక్క లైన్. ట్రెయిట్ లోపలే ‘అబ్‌స్ట్రాక్ట్ పబ్లిక్ ఫంక్షన్ మొబైల్‌నంబర్(): స్ట్రింగ్;’ అని రాయండి, బాడీ (లోపలి కోడ్) వద్దు, ఈ ట్రెయిట్ వాడే క్లాస్‌లో ఆ మెథడ్ ఉండి తీరాలని దానర్థం. ఇక ఆ మెథడ్ లేని క్లాస్ లోడ్ అయ్యేటప్పుడే ఫేటల్ ఎర్రర్ (ప్రోగ్రామ్‌ని అక్కడే ఆపేసే తప్పు) వస్తుంది, ఏ మెథడ్ లేదో పేరుతో సహా చెప్తుంది. అసలు 2003లో షెర్లి, డ్యుకాస్, నీర్‌స్ట్రాజ్, బ్లాక్ అనే పరిశోధకులు స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద పనిచేస్తూ ట్రెయిట్లని ప్రతిపాదించినప్పుడే ‘ఇది ఇచ్చే మెథడ్లు ఇవి, దీనికి కావాల్సిన మెథడ్లు ఇవి’ అని రెండూ పెట్టారు, మనవాళ్లు మొదటి సగం వాడి రెండో సగం వదిలేస్తారు, నాకు బాధ అక్కడే.

వెర్షన్ కూడా చూసుకోండి. ట్రెయిట్లు 2012లో పీహెచ్‌పీ 5.4తో వచ్చాయి, మెథడ్ అసలు లేకపోతే అప్పట్నుంచీ పట్టుకుంటుంది, కానీ ఉండి తేడాగా ఉంటే, అంటే ట్రెయిట్ స్ట్రింగ్ అడిగితే వెండర్ క్లాస్ రెండు నంబర్లున్నాయని అర్రే (జాబితా) ఇస్తానంటే, 7లో కిక్కురుమనేది కాదు. 2020 నవంబర్‌లో వచ్చిన 8.0 నుంచి అది కూడా ఫేటలే. అబ్‌స్ట్రాక్ట్ మెథడ్‌ని ప్రైవేట్‌గా అడగడం కూడా 8.0 నుంచే కుదురుతుంది.

ఇంకోటి, ట్రెయిట్‌లో ‘దిస్’ (అంటే ఆ ఆబ్జెక్ట్) మీద ఫోన్ ప్రాపర్టీని (అందులో దాచిన విలువని) నేరుగా ముట్టుకోకండి. అది లేకపోతే ఒక వార్నింగ్ ఇచ్చి నల్ తీసుకుని ముందుకెళ్లిపోతుంది, ఖాళీ నంబర్‌కి మెసేజ్ పోతుంది, అందుకే ఎప్పుడూ మెథడ్‌తోనే అడగండి.

రేపు ఈమెయిల్ ట్రెయిట్ కూడా కలిపి రెండింట్లో ‘పంపు’ అనే మెథడ్ ఉంటే పీహెచ్‌పీ తనంతట తను ఒకటి ఎంచుకోదు, ఆపేస్తుంది. ‘ఇన్‌స్టెడ్ఆఫ్’తో ఏది కావాలో చెప్పి రెండోదాన్ని ‘యాజ్’తో వేరే పేరు పెట్టుకోండి.

అయితే ఆటోలోడ్ వాడుతుంటే క్లాస్‌ని ఎవరైనా పిలిచే దాకా అది లోడే అవ్వదు కాబట్టి ఎర్రర్ కూడా అప్పటిదాకా బయటపడదు. పీహెచ్‌పీస్టాన్ అనే కోడ్ తనిఖీ టూల్ పెట్టుకోండి, అది ప్రోగ్రామ్ నడపకుండానే ట్రెయిట్‌ని, దాన్ని వాడిన ఒక్కో క్లాస్‌లో పెట్టి చూస్తుంది. ఏ క్లాసూ వాడని ట్రెయిట్‌ని మాత్రం అది ముట్టుకోదు.