బోర్డు వైపు తిరిగితే చాలు, గోల

ప్రశ్న: బి.ఎడ్. రెండో సంవత్సరం చదువుతున్నాను. చిత్తూరు దగ్గర హైస్కూల్లో ఇంటర్న్‌షిప్. ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతున్నా, 52 మంది. బోర్డు వైపు తిరిగితే చాలు, గోల. అరిచి అరిచి గొంతు పోతోంది. టీచరు పనికి నేను సరిపోనేమో, బ్యాంకు పరీక్షలు రాసుకోమంటారా?

జవాబు: బ్యాంకు మీద ఇష్టముంటే రాయండి, ఈ గోలకు భయపడి మాత్రం వద్దమ్మా. టీచర్ల శిక్షణను పర్యవేక్షించే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ 2014 నిబంధనల్లో రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ 16 వారాలు పెట్టింది ఇలాంటివి నేర్చుకోడానికే.

గోల ఏ నిమిషంలో మొదలైందో రెండ్రోజులు రాసుకోండి. చాలావరకు పిల్లల చేతిలో పనిలేని నిమిషాలే తేలతాయి. 52 మందికి హాజరు పిలిచేసరికి మూడు నిమిషాలు పోతాయి. అందుకే తరగతిలోకి రాగానే నిన్నటి పాఠంలోంచి ఓ చిన్న లెక్క బోర్డు మీద వేసి, తర్వాత హాజరు తీయండి. కష్టమైంది వేస్తే, రానివాళ్లు పక్కవాళ్లను అడగడంతోనే గోల మొదలు.

బోర్డుకు పూర్తిగా ముఖం పెట్టకండి. భుజం బోర్డు వైపు, చూపు బెంచీల వైపు ఉండాలి. 2x + 5 = 17 రాశారనుకోండి. 5ను అవతలికి పంపే మెట్టు మీరు రాయకుండా వాళ్ల నోటుబుక్కుల్లో రాయించి, ఈలోగా చివరి బెంచీదాకా నడిచి రండి. ముందు ప్రశ్న, మూడు సెకన్లు ఆగి, అప్పుడు పేరు. పేరు ముందే పిలిస్తే మిగతా 51 మందికి సెలవిచ్చినట్టే. టీచర్లు ప్రశ్న వేశాక ఒక్క సెకను కూడా ఓపిక పట్టరని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో ఎప్పుడో 1970ల్లోనే చూపించారు.

మీ గొంతు పెరిగేకొద్దీ వాళ్ల గొంతూ పెరుగుతుంది. మాట్లాడే పిల్లాడి పేరెత్తకుండా వాడి బెంచీ పక్కన నిలబడి పాఠం సాగించండి. క్లాస్ లీడరు చేత బోర్డు మూలన 'మాట్లాడినవాళ్లు' అని పేర్లు రాయించే అలవాటుంటే ఈ రోజే మానేయండి. స్నేహితుల పేర్లు చెరిగిపోతాయి, పడనివాళ్లవి మిగులుతాయి, ఇంటర్వెల్లో తగవు మీ దగ్గరికే వస్తుంది.

బెత్తం, గోడకుర్చీల జోలికి పోవద్దు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ శారీరక శిక్షతోపాటు మానసిక వేధింపునూ నిషేధించింది. 'నీకు బుర్ర లేదు' అనడం కూడా అందులోకే వస్తుంది.

రేపు నగరి, సత్యవేడు వైపు పోస్టింగ్ వస్తే ఇంకోటి గుర్తుంచుకోండి. అక్కడ ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలుంటారు. వెనక బెంచీలో గుసగుస వినబడితే, 'శేషం' అంటే ఏంటని పక్కవాణ్ణి అడుగుతున్నాడేమో, కోప్పడేముందు చూడండి.