తొందర పెడితే లొంగకు అమ్మలూ

సఖినేటిపల్లి

అమ్మలూ,

కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో క్రిప్టాలజీలో, అదే సందేశాల్ని రహస్యంగా దాచే విద్యలో, ఎంటెక్‌కి వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. ఆ పూట అన్నం సయించలేదు. సంతోషమో, బెంగో. నరసాపురం పంటు మీద బళ్ల నంబర్లన్నీ చదివి, ఏది ప్రధాన సంఖ్యో చెప్పమని నా ప్రాణం తీసిన పిల్లవి, ఇంకెటు పోతావులే.

నంబర్ థియరీ, ప్రాబబిలిటీ గట్టిగా చదువు. సొంత సైఫర్, అంటే రహస్య రాత పద్ధతి, కట్టి మురిసిపోకు, ముందు ఇంకొకళ్లవి విరగ్గొట్టడం నేర్చుకో. ఇవి మీ మాస్టార్లూ చెబుతారు.

నా భయమల్లా తొందర గురించే. సిగ్నల్స్‌లో సైఫర్ పని చేసినన్నాళ్లూ, వాడిన కాగితం కాలి బూడిదయ్యేదాకా నేను కదిలేవాణ్ణి కాదు. వన్-టైమ్ ప్యాడ్‌ని, అంటే ఒక్కో పేజీ ఒక్కసారే వాడాల్సిన అడ్డదిడ్డం అంకెల కట్టని, పద్ధతిగా వాడితే సందేశాన్ని ఎవరూ విప్పలేరని అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ 1949 వ్యాసంలో రుజువు చేశాడు కదా. సోవియట్లు వాడిందీ అదే. 1942లో, జర్మన్లు మీదకొచ్చిన రోజుల్లో, ప్యాడ్లు చాలక వేల పేజీలు రెండేసి ప్రతులు అచ్చేశారు. ఏమైందో చూడు. సందేశంలో 4, ప్యాడ్‌లో 9. కలిపితే 13, పదులు వదిలేసి 3 పంపుతాం. అదే పేజీ ఇంకో సందేశానికి వాడితే, 7కి 9 కలిసి 6 వెళ్తుంది. దొంగచాటుగా విన్నవాడు 6లోంచి 3 తీస్తే 3. అసలు అంకెలు 7, 4 మధ్య తేడా కూడా 3. ప్యాడ్ మాయమైపోయింది! 1943లో అమెరికాలో, వర్జీనియాలో, ఆ సోవియట్ సందేశాలు విప్పడానికి మొదట కూర్చున్నది జీన్ గ్రాబీల్, అంతకుముందు బడిపంతులమ్మ. వెనోనా అని పేరుపెట్టిన ఆ పని 1980 దాకా సాగింది. షానన్ రుజువు మాత్రం ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు.

రేపు నిన్నూ తొందర పెడతారు. "శుక్రవారం రిలీజ్, నాన్స్ సంగతి తర్వాత చూద్దాం" అంటారు. నాన్స్ అంటే ప్రతి సంతకానికీ కొత్తగా తియ్యాల్సిన రహస్య సంఖ్య. ఒప్పుకోకు. ఈసీడీఎస్‌ఏ అనే డిజిటల్ సంతకం పద్ధతిలో ఒకే నాన్స్‌తో రెండు సంతకాలు చేస్తే హైస్కూలు ఆల్జీబ్రాతో ప్రైవేట్ కీ, అదే సంతకం చేసేవాడి రహస్య తాళం, లాగేయొచ్చు. మొండిఘటం అంటే అననీ. చిన్నప్పుడు ఆ మొండితనానికే నా చేత తిట్లు తిన్నావు, ఇప్పుడు అదే దాచుకో తల్లీ.

ఇంకోటి. తాళం ముందుగా చాటుగా పంచుకోకుండానే రహస్యంగా మాట్లాడుకునే పబ్లిక్ కీ ఆలోచనని బ్రిటన్ గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూలో జేమ్స్ ఎల్లిస్ 1970లోనే రాశాడు. బయటపెట్టింది 1997 డిసెంబరులో, ఆయన నవంబరులోనే పోయాడు. రహస్య ఉద్యోగం వద్దనను, నేనూ చేశాను. నా పనేంటో మీ పెద్దమ్మకి ఇప్పటికీ తెలీదు, ఆవిడా అడగలేదు. నువ్వు మాత్రం ముందు నీ పేరుతో నాలుగు పేపర్లు అచ్చేయించుకుని, అప్పుడు వెళ్లు.

ఈసారి కొబ్బరి దింపు డబ్బు నీ లాప్‌టాప్‌కని పక్కన పెట్టాను. మీ నాన్నతో అనకు, వాడు ఒప్పుకోడు.

మీ పెదనాన్న