కాసినోలు మూతపడుతుంటే ఆ కోర్సు చదివించవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ పూర్తిచేశాడు. అమెరికా వెళ్లి కాసినో మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ చేస్తానంటున్నాడు. న్యూజెర్సీలో సీటు కూడా వచ్చింది. చాలావరకు అప్పు మీదే పంపాలి. అక్కడి అట్లాంటిక్ సిటీలో కాసినోల ఆదాయం పడిపోయిందని, కొన్ని మూతపడ్డాయని చదివినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. లాస్ వేగాస్, చైనాలోని మకావ్ ఉన్నాయిగా అంటాడు వాడు. ఈ మూడింటిలో ఏది నయమో పోల్చి చెప్పండి. వాడు జూదానికి అలవాటు పడతాడేమోనని వాళ్లమ్మ భయం. బంధువులకు మాత్రం ఎంబీఏ అని చెప్పాం.

జవాబు: మూడు ఊళ్లు పోల్చమన్నారు, పోలుస్తాను. కానీ మీకు నిద్ర పట్టనిది ఆ పోలిక కోసం కాదు. అంత అప్పు చేసి పంపితే వాడు నిలదొక్కుకుంటాడా లేదా అన్నదే మీ బెంగ. దానికి ముందే చెబుతున్నాను: నిలదొక్కుకుంటాడు. ఆ వ్యాపారంలో ఏ మూల పని నేర్చుకుంటున్నాడో తెలిసి వెళ్తే చాలు.

మీరు చదివిన వార్తలు నిజమే. అయితే అవి నిన్నా మొన్నటివి కావు. న్యూజెర్సీ ఓటర్లు 1976లో అట్లాంటిక్ సిటీలో కాసినోలకు ఒప్పుకున్నారు, 1978 మే నెలలో మొదటిది తెరిచారు. అప్పటికి అమెరికాలో, లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రం తప్ప ఇంకెక్కడా చట్టబద్ధమైన కాసినో లేదు. న్యూయార్క్ వాళ్లయినా ఫిలడెల్ఫియా వాళ్లయినా ఆడాలంటే ఇక్కడికే రావాలి. బస్సులకు బస్సులు జనం దిగేవారు. దిగినవాళ్ల చేతిలో కాసినో వాళ్లే చిల్లర నాణేల చుట్ట పెట్టి లోపలికి పంపేవారు. 2006లో ఆదాయం 520 కోట్ల డాలర్లకు చేరింది. వచ్చి ఆడేవాళ్ల నుంచి మళ్లీ ఆ అంకె రాలేదు.

అదే ఏడాది నవంబరులో పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలో మొదటి కాసినో తలుపులు తెరిచింది. 2010లో అక్కడ పేకాట, రూలెట్ లాంటి టేబుల్ ఆటలకూ అనుమతి ఇచ్చారు, ఫిలడెల్ఫియా నగరంలోనే కాసినో వచ్చేసింది. ఆ ఏడాదే మేరీలాండ్‌లో, 2011లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఇంకొన్ని వచ్చాయి. 2015కు వచ్చేసరికి అట్లాంటిక్ సిటీ ఆదాయం 256 కోట్ల డాలర్లు, అంటే సగం కూడా లేదు. అంతకు ముందు ఏడాది, 2014లో, ఒక్క సంవత్సరంలోనే నాలుగు కాసినోలు మూతపడ్డాయి: అట్లాంటిక్ క్లబ్, షోబోట్, రెవెల్, ట్రంప్ ప్లాజా. సుమారు ఎనిమిది వేల ఉద్యోగాలు పోయాయి.

2008 మాంద్యమే దీనికి కారణమని చాలామంది చెబుతారు. మాంద్యం దెబ్బ తగలలేదని కాదు. కానీ అది పోయాక కూడా డబ్బు వెనక్కి రాలేదు, ఎందుకంటే పక్క రాష్ట్రాల కాసినోలు ఎక్కడికీ పోలేదు. డబ్బు వేసి ఆడే స్లాట్ మెషీన్ ఎక్కడైనా ఒకటే: అదే కంపెనీ తయారీ, అదే తెర, అదే ఆట. ఇంటికి పావుగంట దూరంలో అది దొరుకుతుంటే ఫిలడెల్ఫియా మనిషి దాదాపు వంద కిలోమీటర్లు కారు నడుపుకుని సముద్రం ఒడ్డుకు ఎందుకు వస్తాడు? పెన్సిల్వేనియాలో స్లాట్ ఆదాయంలో సగానికి పైగా పన్నుకే పోతుంది, న్యూజెర్సీలో పన్ను 8 శాతమే. అయినా 2012లో ఆదాయంలో పెన్సిల్వేనియానే ముందుకు వెళ్లింది. ఈ వ్యాపారంలో దూరం ముందు పన్ను కూడా నిలవదు.

ఆదాయం తగ్గడం ఒక దెబ్బ, మిగిలిన ఆదాయంలో లాభం తగ్గడం రెండో దెబ్బ. పత్రికలు మొదటిదే రాస్తాయి. రెండోది మీ అబ్బాయికి తెలిసి తీరాలి, కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. ఒక ఆటగాడు పందేనికి 25 డాలర్ల చొప్పున, గంటకు 60 పందేలు, నాలుగు గంటలు ఆడాడనుకోండి. మొత్తం పందెం 6,000 డాలర్లు. ఆ ఆటలో కాసినో వాటా 2 శాతమైతే, సగటున అతని దగ్గర కాసినోకు మిగలాల్సింది 120 డాలర్లు. ఇందులో మూడో వంతు, అంటే 40 డాలర్ల దాకా, ఉచిత భోజనంగానో గదిగానో అతనికే తిరిగి ఇస్తారు. దాన్నే అక్కడ కాంప్ అంటారు. పక్కన కొత్త కాసినో తెరిచి 60 ఇస్తానందనుకోండి, పాతది 70 ఇవ్వాల్సి వస్తుంది. పుస్తకాల్లో ఆదాయం 120 అలాగే కనిపిస్తుంది, చేతిలో 50 మిగులుతుంది. జీతాలు, కరెంటు, బ్యాంకు వడ్డీ అన్నీ ఆ 50లోంచే రావాలి.

వడ్డీ విషయానికి రెవెల్‌ను మించిన ఉదాహరణ లేదు. 240 కోట్ల డాలర్లు పోసి 2012 ఏప్రిల్‌లో తెరిచారు, 2014 సెప్టెంబరులో మూసేశారు. మరుసటి ఏడాది ఆ భవనం 8.2 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. చుట్టూ పోటీ పెరుగుతున్నప్పుడు పాత రోజుల ఆదాయం వస్తుందనుకుని అంత ఖర్చుపెట్టారు. అదే భవనం 2018లో ఓషన్ అనే పేరుతో మళ్లీ తెరుచుకుని ఇవాళ నడుస్తోంది. ఊరు చచ్చిపోలేదు, తొమ్మిది కాసినోలు పనిచేస్తున్నాయి. 2024లో వాటికి వచ్చి ఆడినవాళ్ల నుంచి సుమారు 280 కోట్ల డాలర్లు వచ్చాయి. 2013 నవంబరులో మొదలైన ఆన్‌లైన్ ఆటల నుంచి న్యూజెర్సీలో మరో 239 కోట్లు. రెండూ కలిపితే పాత శిఖరం దగ్గరికే వచ్చినట్టు కనిపిస్తుంది. కానీ ఆ రెండో మొత్తానికి హోటల్ గది, వంటవాడు, బల్ల దగ్గర నిలబడి ఆట నడిపే డీలర్ అంతగా అక్కర్లేదు. ఉద్యోగం లెక్కలో ఆ తేడా చాలా పెద్దది.

ఇక ఆ కోర్సు. ‘కాసినో మేనేజ్‌మెంట్’ అనే పేరుకు ఇప్పుడు గిరాకీ ఉంది. నాకు దాని మీద గట్టి అనుమానాలున్నాయి. విద్యార్థి వీసా మీద వెళ్లినవాడికి చదువయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి కింద 12 నెలలు పనిచేసే అవకాశం ఉంటుంది. ఆ కాలంలో మొత్తం మీద 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉన్న కోర్సయితే ఇంకో 24 నెలలు కలుస్తాయి. విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో కోర్సు ఏ రకానిదో చెప్పే సీఐపీ కోడ్ ఒకటి ఉంటుంది, అది తీసి చూడండి. కాసినో మేనేజ్‌మెంట్ కోడ్ 52.0908, సాధారణ హాస్పిటాలిటీ కోడ్ 52.0901. రెండూ స్టెమ్ కావు. 52.1301, 52.1302 అనే మేనేజ్‌మెంట్ సైన్స్, బిజినెస్ స్టాటిస్టిక్స్ కోడ్‌లు స్టెమ్‌లో ఉన్నాయి. హోటల్ గదుల ధరలు, కస్టమర్ల లెక్కలు చూసే అనలిటిక్స్ కోర్సులు కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఈ కోడ్‌ల కిందే నడుస్తాయి. చదివేది దాదాపు అదే పనికి, ఉండే గడువు మాత్రం మూడు రెట్లు. ఆ 24 నెలలకు యజమాని, ఉద్యోగుల పని అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో నమోదై ఉండాలన్న షరతు ఉంది, అదీ గుర్తుంచుకోండి.

తర్వాత హెచ్-1బి, అంటే యజమాని ద్వారా వచ్చే ఉద్యోగ వీసా. ఫలానా డిగ్రీ లేకపోతే చేయలేని పని అని యజమాని నిరూపించాలి. డీలర్ ఉద్యోగానికి అది కుదరదు, టేబుళ్ల పర్యవేక్షకుడికీ కష్టమే. మామూలు హోటల్ మేనేజర్ పోస్టులకే అభ్యంతరాలు వస్తుంటాయి. కాసినోలో పని అంటే పైగా రాష్ట్ర లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ కావాలి. వేలిముద్రలు, నేర చరిత్ర చూస్తారు, పై స్థాయి ఉద్యోగాలకు అప్పుల చరిత్ర కూడా తవ్వుతారు. చదువుకుంటూ సాయంత్రాలు కాసినోలో పనిచేసి ఖర్చులు రాబట్టుకుంటాడని ఏజెంటు చెప్పి ఉంటే ఆ మాట పక్కన పెట్టండి. అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే వీసాకే ఎసరు.

డీలర్ పని దగ్గర్నుంచి ఎలా ఉంటుందో కూడా అబ్బాయికి తెలియాలి. ఆటగాడు ఇచ్చిన నోట్లను బల్ల మీద ఒక్కొక్కటీ పరిచి, పైన కెమెరాకు కనబడేలా లెక్కపెట్టాకే డబ్బాలోకి తోయాలి. బల్ల వదిలి వెళ్లేటప్పుడు రెండు చేతులూ చప్పట్లు కొట్టినట్టు కలిపి, అరచేతులు తిప్పి చూపించాలి. చేతిలో చిప్ (పందెం బిళ్ల) ఏదీ దాచలేదనడానికి అది నిదర్శనం. గంట, గంటన్నర నిలబడితే పదిహేను, ఇరవై నిమిషాల విరామం. మూల జీతం తక్కువ, టిప్పుల మీదే బతుకు, వాటినీ చాలాచోట్ల అందరూ పంచుకుంటారు. గౌరవమైన పనే, నైపుణ్యం కావాల్సిన పనే. కానీ దానికి మాస్టర్స్ డిగ్రీ అక్కర్లేదు, కొన్ని వారాల శిక్షణ చాలు. అప్పు చేసి డిగ్రీ చదివి ఆ బల్ల దగ్గరే నిలబడాల్సి వస్తే మాత్రం నష్టపోతాడు.

మీతో కాస్త గట్టిగానే మాట్లాడాలి. బంధువులకు ఎంబీఏ అని ఎందుకు చెప్పారు? ఇంట్లో సిగ్గుపడుతూ దాచిన చదువుకు పిల్లాడు ధైర్యంగా ఎలా వెళ్తాడు? రేపు అక్కడ ఉద్యోగం దొరకడం నెల ఆలస్యమైతే, ఫోన్ చేసి నిజం చెప్పడానికి కూడా వాడు జంకుతాడు. డబ్బు ఇబ్బందుల్లో పడిన పిల్లలు నోరు విప్పకపోవడానికి ఇంట్లో మొదలైన ఇలాంటి అబద్ధం కూడా ఒక కారణం కావచ్చు. ఆ తప్పు మీరే దిద్దాలి. ఇంకో మాట. సీటు వచ్చేదాకా ఊరుకుని, వార్తలు చూసి భయపడి ఇప్పుడు వాడిని ఆపాలని చూడటం న్యాయం కాదు. ఐ-20 కోడ్ చూడటం ఏజెంటు పని కాదు, మీ పని.

అబ్బాయి జూదానికి అలవాటు పడతాడేమోనని భయపడే వాళ్లమ్మకు నా మాటగా చెప్పండి. కాసినోలో పనిచేసేవాడు తాను పనిచేసేచోట ఆడటానికి న్యూజెర్సీ చట్టం ఒప్పుకోదు. పైగా ఈ చదువులో మొదట నేర్పే లెక్కే జూదం గుట్టు విప్పుతుంది. అమెరికన్ రూలెట్ చక్రం మీద 38 గళ్లుంటాయి, ఒక అంకె మీద వేసి గెలిస్తే, పందెం వెనక్కి ఇచ్చి దాని పైన ఇచ్చేది 35 రెట్లు మాత్రమే. అంటే వేసిన ప్రతి వంద డాలర్లలో సగటున 5.26 డాలర్లు కాసినోవే. ఎంతసేపు ఆడినా ఆ శాతం మారదు. అబ్బాయికి ఇప్పటికే పందేల అలవాటుంటే అది వేరే మాట, అప్పుడు ఏ కాసినో కోర్సూ వద్దు. అలాంటిదేమీ లేకపోతే ఆ భయం పెట్టుకోనక్కర్లేదు.

ఇక మీరడిగిన పోలిక. మకావ్‌ను ముందే కొట్టేయండి. అక్కడ డీలర్ ఉద్యోగాలు స్థానిక నివాసితులకే. ఆ ఊరి ఆదాయం 2013లో 36,000 కోట్ల పటాకాలు (అక్కడి కరెన్సీ) దాటింది, చైనా అవినీతి వ్యతిరేక చర్యల తర్వాత 2015లో ఒక్క ఏడాదే మూడో వంతు పడిపోయింది. కోవిడ్ తర్వాత కోలుకుంటోంది కానీ మన పిల్లలకు ఆ తలుపు దాదాపు మూసే ఉంది. లాస్ వేగాస్ నయం. అక్కడి పెద్ద రిసార్టులకు సగానికి పైగా ఆదాయం గదులు, భోజనం, వినోద కార్యక్రమాలు, సమావేశాల నుంచే వస్తుంది. అందుకే పక్క రాష్ట్రంలో కాసినో తెరిచినా అంతగా కుంగదు. 2025లో అక్కడికీ జనం రాక తగ్గిన మాట నిజమే. అట్లాంటిక్ సిటీ చదువుకోవడానికి మంచి చోటే. పోటీ వచ్చి ఒక ఊరు ఎలా దెబ్బతిన్నదో, ఎలా సర్దుకున్నదో కళ్లముందే కనిపిస్తుంది. అక్కడే స్థిరపడాలన్న లెక్క మాత్రం వేసుకోకండి. అబ్బాయి చూడాల్సిన నాలుగో చోటు ఒకటుంది. యూఏఈలోని రస్ అల్ ఖైమాలో అమెరికా కాసినో సంస్థ విన్‌కు 2024 అక్టోబరులో లైసెన్సు ఇచ్చారు. 1,500 పైచిలుకు గదుల రిసార్టు, 2027లో తెరవాలని లక్ష్యం. అన్ని గదులున్నచోట హోటల్ పని తెలిసినవాళ్ల అవసరం తప్పదు.

ఏ ఊరైనా, ఊరు మారినా వెంట వచ్చే పనులు మూడున్నాయి. గదుల ధరలు నిర్ణయించే రెవెన్యూ మేనేజ్‌మెంట్ ఒకటి. కస్టమర్‌కు ఎంత కాంప్ ఇస్తే లాభమో తేల్చే లెక్కలు రెండోది. నల్లధనం మీద నిఘా ఉంచే కాంప్లియన్స్ మూడోది. అమెరికా కాసినోలు ఒక రోజులో ఒకరి నుంచి 10,000 డాలర్లకు మించి నగదు తీసుకున్నా, ఇచ్చినా ప్రభుత్వానికి తెలపాలి. 5,000, ఆపైన అనుమానాస్పదంగా కనిపించినవీ నివేదించాలి. ఈ పని తెలిసినవాడిని బ్యాంకులూ తీసుకుంటాయి. కాసినో మూతపడినా ఈ మూడింటికీ వేరేచోట కుర్చీ ఉంటుంది.

ఈ వారం చేయాల్సినవి చెబుతాను. ఐ-20లో కోడ్ చూడండి. 52.0908 ఉంటే, అదే విశ్వవిద్యాలయంలో స్టెమ్ కోడ్ ఉన్న అనలిటిక్స్ కోర్సుకు మార్చుకోవచ్చా అని అబ్బాయి చేత ప్రవేశాల విభాగానికి మెయిల్ రాయించండి. కాసినో సబ్జెక్టులు రెండు, మూడు ఎలక్టివ్‌లుగా తీసుకోవచ్చేమో అందులోనే అడగమనండి. గత రెండేళ్లలో ఆ కోర్సు చదివిన విదేశీ విద్యార్థులు ఏ సంస్థల్లో, ఏ పోస్టుల్లో చేరారో కూడా అడగాలి. జవాబులో డీలర్, ఫ్రంట్ డెస్క్ తప్ప ఇంకేమీ కనిపించకపోతే సీటు వదులుకోండి. అప్పు ఎంత చేయాలో 12 నెలల జీతం మీదే లెక్కవేయండి, అంతకు మించితే బ్యాంకు ఇస్తానన్నా తీసుకోకండి. ఆ మెయిల్‌కు జవాబు వచ్చేదాకా ఫీజు కట్టవద్దు. బంధువులకు ఈ ఆదివారమే ఫోన్ చేసి, అబ్బాయి ఏం చదవబోతున్నాడో వాడి ముందే చెప్పండి.